వెండి నాణేలను లోహపు ధరకు దగ్గరగా ఎక్కడ కొనవచ్చు?

అమ్మాయి పేరిట నెలనెలా 50 గ్రాముల చొప్పున 999 స్వచ్ఛత (99.9 శాతం వెండి) గల నాణేలు కొని దాచాలనుకుంటున్నాను. మొన్న సికింద్రాబాదులోని ఒక దుకాణంలో లక్ష్మీదేవి బొమ్మ ఉన్న 10 గ్రాముల నాణెం అడిగితే, ఆనాటి వెండి ధరకు మజూరీ, ఆ మొత్తంపై 3 శాతం జీఎస్‌టీ, చివరికి ఎర్ర మఖ్మల్ డబ్బీ ఖరీదు కూడా కలిపి బిల్లు రాశారు. అదే నాణెం తిరిగి ఇస్తే ఇవేవీ రావనీ, పైగా తరుగు తీస్తామనీ చెప్పారు. మేలిమి వెండికి తరుగేమిటో నాకు బోధపడలేదు.

కడ్డీకి మజూరీ తక్కువే గానీ, అవసరానికి కొద్దికొద్దిగా అమ్ముకోవడానికి నాణేలే అనువు. పాట్ మార్కెట్‌లోని బులియన్ (బంగారం, వెండి కడ్డీల) వ్యాపారులు మాబోటి వారికి బొమ్మలేని సాదా నాణేలను చిల్లరగా అమ్ముతారా? విక్టోరియా రాణి బొమ్మ ఉన్న బ్రిటిష్ కాలపు 11.66 గ్రాముల వెండి రూపాయలు కొన్నవారు నకిలీలను ఎలా గుర్తించారో, అమ్మేటప్పుడు వాటిలోని 91.7 శాతం వెండికి పూర్తి ధర దక్కిందో లేదో దయచేసి తెలుపగలరు.