1:18 సిల్వర్ క్లౌడ్ లోపల అసలు తోలు వేయాలా, రంగుతో తెప్పించాలా?

కృష్ణలంక_కార్లు:
ఆరు నెలలుగా ఒక 1:18 రోల్స్‌రాయిస్ సిల్వర్ క్లౌడ్ నమూనా మీద పని చేస్తున్నాను. 1955లో వచ్చిన ఆ కారు పొడవు 5.38 మీటర్లు, నా బల్ల మీద అది 30 సెంటీమీటర్లు. బయటి పని పూర్తయింది. తలుపు తెరిస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. సీట్లు ఒకే ముద్దగా పోసిన ప్లాస్టిక్, డ్యాష్‌బోర్డు మీద ఒక గోధుమ రంగు పూత. ఆ కారు పేరు చెప్పగానే గుర్తొచ్చేవి తోలు సీట్లు, వాల్‌నట్ చెక్క, మెత్తటి తివాచీ. అవే లేకపోతే ఇక ఏం మిగిలింది? నా మాట సూటిగా చెబుతున్నాను: తోలు ఉన్న చోట తోలే ఉండాలి, చెక్క ఉన్న చోట చెక్కే ఉండాలి. పలుచటి తోలు, టేకు వెనీర్ (పలుచటి చెక్క పొర) తెచ్చి పెట్టుకున్నాను. కాదనేవారు కారణం చెప్పండి.

బ్రాడీపేట_కుంచె:
నేను కాదంటాను. కారును పద్దెనిమిదో వంతుకు తగ్గించారు సరే, తోలును ఎవరు తగ్గిస్తారు? మీ తోలు మందం 0.6 మిల్లీమీటర్లు అనుకుందాం. 18తో హెచ్చవేయండి, దాదాపు 11 మిల్లీమీటర్లు వస్తుంది. అసలు సీటుకు వేసే తోలు ఒక మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. అందుకే మీ తోలు మూల దగ్గర మడత పడదు, ఉబ్బుతుంది.

చెక్క సంగతి ఇంకా కష్టం. టేకులో ఒక చార మిల్లీమీటరు వెడల్పు ఉన్నా, ఆ కారులో అది బొటనవేలంత అవుతుంది. పైగా వాల్‌నట్ బుడిపెల నుంచి తీసే ఆ పలకల్లో నిలువు చారలు ఉండవు, సుడులు ఉంటాయి. వాటిని మధ్యగీతకు అటూ ఇటూ అద్దంలో ప్రతిబింబంలా అమర్చడం ఆ కంపెనీ పద్ధతి. మీ టేకు ముక్కతో అది రాదు, కుంచెతో వస్తుంది. ముందు లేత ఇసుక రంగు ఎనామెల్ వేయండి. అది బాగా ఆరాక ముదురు గోధుమ తైలవర్ణాన్ని పలుచగా రాసి, పొడి కుంచెతో లాగుతూ అక్కడక్కడ మొనతో చిన్న సుడి తిప్పండి. రెండు మూడు రోజులు ముట్టుకోవద్దు. ఆ తర్వాత తేనె రంగు కలిపిన వార్నిష్ వేస్తే లోతు వస్తుంది.

పొణికి:
కుంచె గారితో ఏకీభవిస్తున్నాను. మన పక్కనే కొండపల్లి ఉంది. అంబారీ ఏనుగును చూడండి. తెల్ల పొణికి చెక్క, చింతగింజల పొడితో చేసిన మక్కు, సున్నం పూత, దాని మీద రంగులు. ఏనుగు వీపు మీది వస్త్రానికి అంచు, కుచ్చులు అన్నీ కుంచెతోనే పుడతాయి. ఎవరూ గుడ్డముక్క అతికించరు. అయినా చూసేవాడికి అది వస్త్రమే.

కృష్ణలంక_కార్లు:
బొమ్మల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా అమ్మమ్మ బొమ్మల కొలువులో పెళ్లికూతురు బొమ్మకు అసలు పట్టుముక్కే కట్టేది. ఆ బొమ్మ ముందు మిగతావన్నీ వెలవెలబోయేవి. చేత్తో తాకితే తెలిసే నిజం రంగులో ఎక్కడ ఉంటుంది?

పొణికి:
ఆ పట్టుముక్క జరీ అంచు బొమ్మకు ఎంతదాకా వచ్చేదో ఒకసారి గుర్తు చేసుకోండి. మా ఇంట్లో అయితే నడుము దాకా వచ్చేది.

ఆటోనగర్_సీట్లు:
నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా కార్ల సీట్లు కుడుతున్నాను. నమూనాల పని ఈ మధ్యే మొదలుపెట్టాను. మీరంతా పైతొడుగు గురించే మాట్లాడుతున్నారు. సీటును సీటుగా చూపించేది దాని కింద ఉన్నది. పాత కార్ల సీట్లలో స్ప్రింగులు ఉంటాయి. మనిషి కూర్చుని కూర్చుని మధ్యభాగం కొద్దిగా దిగుతుంది, తోలు అక్కడ వదులై సన్నని ముడతలు పడతాయి. డ్రైవరు ఎక్కి దిగే వైపు అంచు అన్నిటికంటే ముందు నలిగి నిగనిగలాడుతుంది. కుడివైపు స్టీరింగ్ ఉన్న కారులో అది సీటు కుడి అంచు. వెనక సీటులో యజమాని ఎప్పుడూ ఒకే మూల కూర్చుంటాడు, రెండో మూల కొత్తగానే ఉంటుంది. ఇవి తెలిస్తే ప్లాస్టిక్ సీటు చాలు. సన్నని ఆకురాయితో గాడులు లోతు చేయండి, మధ్యలో కాస్త గీకి పల్లం చేయండి, మెరుపు లేని రంగు వేసి, నలిగే చోట మాత్రం గోటితో రుద్దండి.

అంచుల పైపింగ్, అంటే సీటు అంచు వెంట తాడులా కనిపించే సన్నని గుండ్రటి కుట్టుపట్టీ, మరవద్దు. అసలు కారులో అది 5 మిల్లీమీటర్లు అనుకుంటే మీకు 0.3 మిల్లీమీటర్ల లోపు కావాలి. దారం పనికిరాదు, నూగు లేస్తుంది. పాత కరెంటు తీగ ఒలిచి, లోపలి సన్నని రాగి పోగు ఒకటి తీసి అతికించండి. రంగు వేశాక అది పైపింగ్ కాదని నేనే పోల్చుకోలేకపోయాను.

గవర్నర్‌పేట_అల్మారా:
మా అనుభవం కూడా వినండి. నేను 1:18 కారుకు అసలు తోలే వేశాను. పడమటి కిటికీ పక్కన అద్దాల అల్మారాలో పెట్టాను. మే నెల బెజవాడ ఎండకు తోలు కుంచించుకుపోయి అన్ని అంచుల్లోనూ లేచింది. లాగితే జిగురుతో పాటు కింది రంగు కూడా వచ్చేసింది. మూడు నెలల పని అది. చాలా బాధపడ్డాను. అయితే తోలు వద్దే వద్దని నేను అనను. 1:8 నమూనాకు 0.4 మిల్లీమీటర్ల దాకా చెక్కిన తోలు చక్కగా కూర్చుంటుంది, ఎండ తగలకుండా చూసుకుంటే చాలు.

తివాచీకి మాత్రం 1:18లో కూడా రంగు చాలదు. నగల పెట్టెల లోపల వేసే మఖమల్ నూగు వాడండి. నూగు అర మిల్లీమీటరు ఉంటే 18 రెట్లకు 9 మిల్లీమీటర్లు, నిజమైన తివాచీ ఎత్తుకు దగ్గరే. రంగు మీద జిగురు పలుచగా రాసి, టీ వడపోసే జాలీతో చల్లి, ఆరాక దులపండి.

కృష్ణలంక_కార్లు:
చెక్క విషయంలో ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. నిన్న రాత్రి టేకు ముక్కను డ్యాష్‌బోర్డు మీద పెట్టి చూశాను. కారులో తలుపు చెక్క బిగించినట్టు ఉంది. కుంచెతోనే వేస్తాను. తివాచీకి నూగు తెస్తాను. తోలు మాత్రం నా మనసు ఇంకా వదలడం లేదు. వెనక సీటుకు ఒక్కదానికి, వెనక వైపు నుంచి బ్లేడుతో గీకి ఎంత పలుచన చేయగలనో చూస్తాను. అంచు వంగకపోతే తీసేస్తాను. ఆటోనగర్ గారూ, ఆదివారం మీ దుకాణం తెరిచి ఉంటుందా? కారు, తోలు రెండూ తెస్తాను. గీకే పద్ధతి ఒకసారి మీ చేత్తో చూపించండి.

ఆటోనగర్_సీట్లు:
మధ్యాహ్నం దాకా ఉంటాను, రండి. ఆ తోలు మీద ఇప్పుడే గీకవద్దు, ముందు నా దగ్గరున్న తుక్కు ముక్కల మీద చేయి అలవాటు చేసుకుందురు గాని.