జూలైలో ఫుకెట్, ఫీ ఫీ, బ్యాంకాక్: తొమ్మిది రాత్రులు ఎలా పంచుకోవాలి?

కిటికీసీటు:
జూలై రెండో వారంలో థాయ్‌లాండ్ వెళ్తున్నాం. ఫుకెట్ 4 రాత్రులు, ఫీ ఫీ 4, చివర్లో బ్యాంకాక్ 1. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ పాప, ఇంకా రెండు నిండని బాబు (నిండితే సీటు కొనాలి కదా, అందుకే ఈ తొందర), మా అమ్మ. దీవుల్లో రెండుచోట్లా బీచ్ మీదే రిసార్టు. విమానం టికెట్లు అయిపోయాయి, హోటళ్ళు ఇంకా క్యాన్సిల్ చేసుకోవచ్చు. బ్యాంకాక్‌కి ఒక్క రాత్రి సరిపోతుందా?

అరచేతిమ్యాప్:
బ్యాంకాక్ సంగతి తర్వాత. అసలు జూలైలో ఆ పడమటి తీరం ఎందుకు? మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలి తిన్నగా వచ్చి తగిలేది ఫుకెట్‌కే. పటాంగ్, కరోన్, కటా ఎక్కడ చూసినా ఎర్ర జెండాలు పాతి ఉంటాయి. నీళ్ళు పైకి మామూలుగానే కనిపిస్తాయి, అడుగున కాళ్ళు లాగేస్తాయి. అదే నెలలో అటుపక్క, తూర్పున థాయ్ గల్ఫ్‌లో, కో సముయి దీవి చాలావరకు పొడిగా ఉంటుంది. దాని వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఒకే దేశం, రెండు తీరాలు, రెండు వానాకాలాలు. ఈ ఒక్క ముక్క తెలియక ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఇక్కడికొచ్చి ఏడుస్తారు. మార్చేయండి.

చిట్టిచేప:
వచ్చేశారు సముయి పురాణంతో. నేను జూలైలోనే ఫుకెట్ మూడుసార్లు వెళ్ళొచ్చా. మధ్యాహ్నం గంటసేపు దంచుతుంది, తర్వాత ఎండ కాస్తుంది. రూము సీజన్ రేటులో సగానికి దొరికింది. సముయి విమానాశ్రయం బ్యాంకాక్ ఎయిర్‌వేస్ వాళ్ళ సొంతం, టికెట్ ధర ఎప్పుడైనా చూశారా? ఐదుగురికి లెక్కేసి చెప్పండి.

అరచేతిమ్యాప్:
ఖరీదనుకుంటే సూరత్ థానీ దాకా విమానం, అక్కణ్ణుంచి డోన్‌సాక్ రేవుకి బస్సు, అక్కడ ఫెర్రీ ఎక్కితే గంటన్నర.

చిట్టిచేప:
చంకలో పిల్లాణ్ణేసుకుని విమానం, బస్సు, ఫెర్రీ. మీకు పిల్లలు లేరనుకుంటా.

అరచేతిమ్యాప్:
ఇద్దరున్నారు. అందుకే చెప్తున్నా. 2018 జూలై 5న ఫుకెట్ దగ్గర పర్యాటకుల పడవ మునిగి 47 మంది పోయారు. నెల చూసుకోండి. ఈయన పసివాడితో ఫీ ఫీకి పడవెక్కేదీ ఆ నెలలోనే.

చిట్టిచేప:
హెచ్చరిక ఉన్నా బయల్దేరిన పడవ అది. రోజూ నడిచే ఫెర్రీకీ దానికీ ముడిపెడతారా?

రెండోకాఫీ:
అమ్మగారు కూడా వస్తున్నారన్నారు. ఆ ఎనిమిది రాత్రులూ ఆవిడ ఏం చేస్తారు?

నడిసంద్రం:
ఫీ ఫీ నేషనల్ పార్కు కింద ఉంది. సన్‌స్క్రీన్ వెనక ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నాయేమో చూసుకోండి, 2021 నుంచి పార్కుల్లో నిషేధం. అక్కడి మాయా బే బీచ్‌లో కూడా మోకాళ్ళ లోతు దాకే, ఈత కుదరదు.

కిటికీసీటు:
సన్‌స్క్రీన్ సంగతి తెలీదు, థాంక్స్.
రెండోకాఫీ గారూ, అమ్మకి ఈ వయసులో తిరగడం కష్టం, రిసార్టే సుఖం. బాబు ఆవిడ దగ్గర ఉంటాడు, మేం పాపని స్నార్కెలింగ్‌కి తీసుకెళ్తాం.

రెండోకాఫీ:
నేనడిగింది అదే.

అరచేతిమ్యాప్:
ఆ నెలలో అక్కడ స్నార్కెలింగ్ అంటే మాస్కు పెట్టుకుని బురదనీళ్ళు చూడటమే.

చిట్టిచేప:
నేను తాబేలుని చూశా. ఫొటో ఉంది.

అరచేతిమ్యాప్:
ఏ నెలలో తీసిందో అది కూడా ఉందా?

కిటికీసీటు:
"నేనడిగింది అదే" అంటే ఏంటండీ? ఉన్నదేదో తిన్నగా చెప్పండి.

రెండోకాఫీ:
చెప్తాను. మా అబ్బాయి నన్ను ఇదే దారిలో తీసుకెళ్ళాడు. గది గొప్పగా ఉంది, కాదనను. పొద్దున్నే వాళ్ళు లైఫ్ జాకెట్లు తగిలించుకుని పడవెక్కేవాళ్ళు, పిల్ల నా దగ్గర. పదకొండింటికి నిద్రపోయేది. చప్పుడికి లేస్తుందని బాల్కనీ తలుపు కూడా తీసేదాన్ని కాదు. అద్దంలోంచి చూస్తూ కూచునేదాన్ని. ఒక కుర్రాడు రోజూ అదే వేళకొచ్చి ఇసకలో ఆకులన్నీ ఏరి, పళ్ళకర్రతో గీతలు పడేట్టు దువ్వి పోయేవాడు. కాసేపటికి ఎవరో ఒకరు నడిచి ఆ గీతలు చెరిపేవాళ్ళు. నాలుగు రోజులూ నేను చూసిన థాయ్‌లాండ్ అదే.

బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్ ఆవరణలో వాట్ ఫ్రా కేవ్ అనే గుడి ఉంది. చుట్టూ వసారా గోడలనిండా రామాయణమే, వాళ్ళు రామకియెన్ అంటారు, 178 చిత్రాలు. అది చూడాలని బయల్దేరకముందే చెప్పాను. ఉన్న ఒక్కరోజూ మాల్‌లో అయిపోయింది. మూడున్నరకి టికెట్లు ఆపేస్తారు, మేం గేటు దగ్గరికి చేరేసరికి నాలుగు. వచ్చేటప్పుడు సువర్ణభూమి విమానాశ్రయంలో క్షీరసాగర మథనం బొమ్మ ముందు నిలబెట్టి ఫొటో తీశాడు. "రామాయణం బదులు భాగవతం సరిపెట్టుకో అమ్మా" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

కిటికీసీటు:
మీ అబ్బాయి మీద కోపం నా మీద చూపిస్తున్నారు. అమ్మని ఇంట్లో వదిలేసి వెళ్తే ఒక మాట, తీసుకెళ్తే ఇంకో మాట. అప్పు చేసి తీసుకెళ్తున్నా, ఆవిడ కోసం కూడా.

తీరికలేదు:
రెండోకాఫీ గారూ, ఆ పడవెక్కిన కోడలి తరఫున ఒక మాట చెప్పనివ్వండి. పోయినేడు మా అత్తగారు బాబుని పట్టుకుంటే నేను నీళ్ళలో తల ముంచా. నలభై నిమిషాలు. "అమ్మా" అన్న పిలుపు వినపడలేదు. వాడు పుట్టాక నాకంటూ దొరికింది అంతే. దానికి సిగ్గుపడమంటే నేను పడను.

రెండోకాఫీ:
పడొద్దు తల్లీ. నలభై నిమిషాలేం ఖర్మ, రోజంతా తీసుకో. "పిల్లని చూసుకోవాలి, రా అమ్మా" అని ఉంటే సంతోషంగా వెళ్ళేదాన్ని, అది నాకు కొత్త పని కాదు. "నీకు సముద్రం చూపిస్తా" అని తీసుకెళ్ళాడు. అదీ నా బాధ.

నడిసంద్రం:
కొన్ని రిసార్టుల్లో గంటల లెక్కన ఆయాని పంపిస్తారు, అడిగి చూడండి.

తీరికలేదు:
భాష కూడా రాని కొత్త మనిషి చేతిలో రెండేళ్ళవాణ్ణి పెట్టి నీళ్ళలోకి దిగగలరా మీరు?

అరచేతిమ్యాప్:
అసలు విషయం పక్కకి పోతోంది. ఎర్ర జెండాల సంగతి

చిట్టిచేప:
కాసేపాగండి మాస్టారూ.

కిటికీసీటు:
నిన్న రాత్రి అమ్మని అడిగా, ఏం చూడాలనుందని. "నీ ఇష్టం రా" అంది. మళ్ళీ అడిగా. కాసేపు పప్పులో రాళ్ళేరుతూ కూచుని, "ఆ ఊళ్ళో ఏట్లో పడవ మీద తిరగొచ్చటగా" అంది. చావో ఫ్రాయా అన్నమాట. ఎక్కడ చూసిందో.

ఫీ ఫీ తీసేశా. ఫుకెట్ 4, బ్యాంకాక్ 5. బాబుని రోజు మార్చి రోజు నేనూ మా ఆవిడా చూసుకుంటాం. మా ఆవిడకి ఇంకా పూర్తిగా నచ్చలేదు, తీరికలేదు గారు రాసింది చదివి "చూశావా" అంది. ఆ ఏట్లో రేవు రేవుకీ తిరిగే నారింజ జెండా పడవలు పెద్దవాళ్ళు ఎక్కి దిగడానికి వీలుగా ఉంటాయా?

చిట్టిచేప:
రేవులో ఆగేది కొన్ని క్షణాలే. పడవవాళ్ళ ఈల వినపడకముందే అమ్మగారిని మెట్టు దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టండి, మీరు ముందు దూకి చెయ్యివ్వండి. ప్యాలెస్‌కి తా చాంగ్ రేవులో దిగాలి. ఎనిమిదిన్నరకే తెరుస్తారు, ఎండ ఎక్కకముందే వెళ్ళండి. టికెట్ 500 బాత్. అమ్మగారి చీరకి అడ్డు లేదు, మీరు నిక్కరుతో వెళ్తే మాత్రం లోపలికి రానివ్వరు.

రెండోకాఫీ:
ఆ చిత్రాలు ఉత్తరపు గోడ దగ్గర మొదలవుతాయట, నాగలి చాలులో సీత దొరకడంతో. అక్కణ్ణుంచి వరసగా చూపించండి.

అరచేతిమ్యాప్:
అయితే ఫుకెట్ మాత్రం అలాగే ఉంచారన్నమాట.