‘క్లీవ్’ ఒకే మాటా, రెండు మాటలా?

పదకుతూహలం: ఇంగ్లీషు క్రియ క్లీవ్‌కి చీల్చడం, అంటిపెట్టుకోవడం అని రెండు అర్థాలు. ఒకే మాటకి కాలక్రమంలో వ్యతిరేకార్థం వచ్చిందని చాలాచోట్ల చెబుతున్నారు. నిజమేనా?

నిఘంటుమిత్ర: కాదండీ. అవి రెండు వేరువేరు క్రియలు. ప్రాచీన ఇంగ్లీషులో చీల్చడం క్లేఒవన్, అతుక్కోవడం క్లివియన్. మొదటిది గ్రీకులో చెక్కడానికి వాడే మాటకి చుట్టం. ఈజిప్టు చిత్రలిపి పేరు హైరోగ్లిఫ్‌లోని గ్లిఫ్ అక్కడిదే. రెండోది బంకమట్టికి వాడే ‘క్లే’ వైపుది. మధ్య ఇంగ్లీషులో రెండూ ఒకేలా పలకడంతో కలిసిపోయాయి. జర్మన్‌లో ఇప్పటికీ విడిగానే ఉన్నాయి: చీల్చడం క్లీబెన్, అతుక్కోవడం క్లేబెన్.

రామచిలుక: పుట్టుక వేరే కావచ్చు, మాట్లాడేవాడికి అదంతా తెలియదు కదా! 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ చూడండి. ఆదికాండము 22:3లో అబ్రాహాము కట్టెలు చీల్చాడు, రూతు 1:14లో రూతు అత్తని అంటిపెట్టుకుంది. రెండుచోట్లా భూతకాలం ‘క్లేవ్’. అప్పటి పాఠకుడి చెవికి ఒకే మాట.

నిఘంటుమిత్ర: మంచి ఉదాహరణే ఇచ్చారు, కానీ అవే వాక్యాలు మళ్లీ చదవండి. కట్టెలు నేరుగా కర్మగా వచ్చాయి. రూతు దగ్గర ‘అన్‌టు’ ఉంది. అతుక్కునే క్లీవ్‌కి ‘టు’ గానీ ‘అన్‌టు’ గానీ తోడుండాలి. పైగా గ్రహణం మొర్రి క్లెఫ్ట్ లిప్, చీలిన గిట్ట క్లోవెన్, మాంసం కొట్టే కత్తి క్లీవర్. ఇవన్నీ చీల్చే క్రియ సంతానమే. ఒకే మాటైతే ఈనాటి ఇంగ్లీషులో అతుక్కునే అర్థానికి క్లెఫ్ట్, క్లోవెన్ ఎందుకు వాడరు?

గూడూరు అభ్రకం: ఖనిజాలు కొన్ని తలాల వెంట విడిపోవడానికి వాడే క్లీవేజ్‌నీ కలపండి. దాన్ని ‘పగలడం’ అని అనువదిస్తే తప్పు. అభ్రకంలో రేకుల మధ్య పొటాషియం బంధం బలహీనం, అందుకే ఒకే దిశలో పొరలు లేస్తాయి. రాతి ఉప్పు మూడు దిశల్లో లంబంగా విడిపోతుంది. క్వార్ట్జ్‌కి అలాంటి తలాలు లేవు, గాజులా వంపు తిరిగి పగులుతుంది. అది ఫ్రాక్చర్, క్లీవేజ్ కాదు.

పదకుతూహలం: మరి వెల్లుల్లి రెబ్బా క్లోవే, లవంగమూ క్లోవే?

నిఘంటుమిత్ర: అవీ రెండు మాటలే. రెబ్బ చీల్చే క్రియకి బంధువు. లవంగం ఫ్రెంచి ‘క్లూ’ నుంచి, అంటే మేకు. ఆకారం చూసి పెట్టిన పేరు.

రామచిలుక: ‘టు’ గుర్తు ఒప్పుకుంటాను. నిఘంటువులో రెండు ఎంట్రీలు ఉండాల్సిందే. కానీ 1611 పాఠకుడి విషయంలో నా మాట నాదే. అనువదించేవాళ్లు మాత్రం ‘టు’ కనిపిస్తే తెలుగు బైబిల్‌లోని ‘హత్తుకొను’ వాడండి, ఆదికాండము 2:24లో అదే ఉంది.