క్యాండీ దళదా మాళిగావ, ఎసల పెరహెర: అమ్మతో వెళ్ళేవారికి సూచనలు కావాలి

ప్రశ్న: కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. వచ్చే ఆగస్టులో మా అమ్మగారిని శ్రీలంక తీసుకువెళ్ళాలనుకుంటున్నాను. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. అమరావతి స్తూపానికి కూతవేటు దూరంలో పుట్టి పెరిగినందువల్ల, బుద్ధుని దంతధాతువు, అంటే పవిత్రంగా దాచిన దంతం, ఉన్న క్యాండీ ఆలయాన్ని (దళదా మాళిగావను) ఒక్కసారైనా చూడాలని చిన్ననాటి నుంచీ కోరుకుంటున్నారు. ఎసల పెరహెర అనే ఏనుగుల ఊరేగింపు జరిగే రోజుల్లోనే వెళ్ళడం మంచిదా, లేక రద్దీ లేనప్పుడు వెళ్ళడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఆలయంలోకి ఏ బట్టలతో వెళ్ళాలో కూడా చెప్పండి. అక్కడి స్త్రీలు కట్టే ఒసరియ అనే చీరకట్టు మన నాయకరాజుల ఇంటి ఆడవారి నుంచి వెళ్ళిందని ఎక్కడో చదివి, అప్పటి నుంచి అమ్మ దాని గురించే అడుగుతున్నారు. అందులో నిజమెంత?

జవాబు: పేరాదెనియ_పాతకాపు

నేను క్యాండీ పక్కనే ఉన్న పేరాదెనియలో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. దంతధాతువు కంటికి నేరుగా కనిపించదన్న సంగతిని అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. చాలామంది ఈ విషయం తెలియక వెళ్ళి, బయటికి వచ్చాక చిన్నబుచ్చుకోవడం చూశాను. ఒకదానిలో ఒకటిగా అమర్చిన ఏడు భరిణెల లోపల ఆ ధాతువు ఉంటుంది. పూజవేళ గర్భగది తలుపు తీసినప్పుడు భక్తులు వరుసలో కదులుతూ, స్తూపం ఆకారంలో ఉన్న బయటి బంగారు భరిణెను మాత్రమే, అదీ రెండు మూడు క్షణాలు, చూడగలుగుతారు. అయినా కింది అంతస్తులో మోగే డోళ్ళ చప్పుడు చెక్క మెట్ల గుండా పాదాలకు తాకుతూ ఉండగా ఆ వరుసలో నిలబడటం మరిచిపోలేని అనుభవం. పూజలు రోజుకు మూడుసార్లు, ఉదయం ఐదున్నరకు, తొమ్మిదిన్నరకు, సాయంత్రం ఆరున్నరకు జరుగుతాయి. మొదటిది అన్నిటికన్నా ప్రశాంతంగా ఉంటుంది.

బట్టల విషయంలో తెలుపు రంగు ఉత్తమం. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి, చెప్పులు బయటే విడవాలి. అమ్మగారికి లేతరంగు నూలుచీర సరిపోతుంది. బయట నీలికలువలు, తామరలు, మల్లెలు ఆకుదొన్నెల్లో అమ్ముతారు. బుద్ధునికి సమర్పించే పువ్వును వాసన చూడకూడదన్నది అక్కడి నియమం. మన అలవాటు కొద్దీ నేను మొదటిసారి పువ్వును ముక్కు దగ్గరికి తీసుకుంటే, పక్కనున్న పెద్దావిడ మెల్లగా నా చేయి కిందికి దించింది. బుద్ధవిగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడాన్ని కూడా వాళ్ళు అపచారంగా భావిస్తారు.

ఇక పెరహెర. తేదీలు చాంద్రమానాన్ని బట్టి ఏటేటా మారతాయి కాబట్టి, ఆ ఏటి ప్రకటన చూసుకున్నాకే టిక్కెట్లు కొనండి. అయిదు రాత్రులు కుంబల్ పెరహెర, ఆ తరువాత అయిదు రాత్రులు రందోళి పెరహెర జరుగుతాయి. సింహళంలో రన్ అంటే బంగారం, దోళి మన డోలీయే. రాత్రి రాత్రికీ ఏనుగులు, నర్తకులు పెరుగుతూ చివరి రందోళి నాటికి వీధులు కిక్కిరిసిపోతాయి. ముందుగా కొరడాలు ఝళిపించేవారు వస్తారు. ఆ శబ్దం విన్నాక వీధి మొత్తం నిశ్శబ్దమైపోతుంది. దారి పొడవునా ఇనుపబుట్టల్లో ఎండుకొబ్బరి మండుతూ వెలుగిస్తుంది. ఆ కమురు వాసన మరునాటికి కూడా బట్టల్ని వదలదు. భరిణెను మోసే దంతి నడిచే దారిలో దాని అడుగుల ముందు తెల్లబట్ట పరుస్తూ పోతారు. ఆ బట్టను వాళ్ళు పావడ అంటారు, మనకు ఆ మాట వేరే అర్థంలో తెలుసు. ఊరేగేది ధాతువు కాదు, దాని ప్రతిరూపమైన భరిణె మాత్రమే. దాదాపు యాభై ఏళ్ళు ఆ సేవ చేసిన రాజా అనే ఏనుగు 1988లో చనిపోయింది. దాని దేహాన్ని ఆలయ ఆవరణలోనే భద్రపరిచారు, తప్పక చూడండి.

మీ ప్రశ్నకు నా సలహా ఇది: అమ్మగారి మోకాళ్ళ దృష్ట్యా కుంబల్ రోజుల్లో వెళ్ళండి. చివరి రెండు రాత్రులకు వెళితే, డబ్బు పెట్టి కుర్చీ కొనుక్కోనప్పుడు, మధ్యాహ్నం నుంచే కాలిబాట మీద చాప వేసుకుని కూర్చోవాలి, మధ్యలో లేవడం కుదరదు.

జవాబు: నేతచీర

ఒసరియ గురించి నేను చెబుతాను. కట్టు నేర్చుకుని, మా చెల్లెలి పెళ్ళిలో కట్టుకున్నాను కూడా. శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్‌లో వెళితే మీరు దాన్ని విమానంలోనే చూస్తారు, పరిచారికలు నెమలి ఈకల చీరను ఆ పద్ధతిలోనే కడతారు. మనం కుచ్చెళ్ళన్నీ బొడ్డు దగ్గర లోపలికి దోపేస్తాం. వాళ్ళు పైటను సన్నని మడతలుగా ఎడమ భుజం మీదుగా వెనక్కి వదిలి, నడుము దగ్గర మిగిలిన బట్టను దోపకుండా విసనకర్రలా విప్పి, బయటికి కనిపించే కుచ్చుగా నిలబెడతారు. దాన్ని నెరియ అంటారు. ఆ కుచ్చు వాలిపోకుండా నిలబడాలంటే చీరకు కాస్త బిరుసు ఉండాలి. మెత్తని పట్టుతో ప్రయత్నించి నేను మూడుసార్లు విప్పి కట్టుకోవలసి వచ్చింది, చివరికి గంజిపెట్టిన మంగళగిరి నూలుచీరతో చక్కగా కుదిరింది. పెళ్ళికూతురైతే మెడలో ఒకదానికింద ఒకటిగా హారాలు, నుదుటి మీద పాపిటబిళ్ళ వంటి నళల్‌పట పెట్టుకుంటుంది. దానికి రెండు పక్కలా సూర్యచంద్రులు ఉంటారు. మన పెళ్ళికూతురి తలమీద పెట్టే సూర్యవంక, చంద్రవంకల్ని ఎరిగిన అమ్మగారు దాన్ని చూడగానే గుర్తుపడతారు.

జవాబు: శాసనాల_ఆసక్తి

చీరకట్టు నాయకరాణుల నుంచి వచ్చిందన్న మాట లంకలోనూ తరచుగా వినిపిస్తుంది. దాన్ని వాడుకలో ఉన్న నమ్మకంగానే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. అయితే పెరహెర విషయంలో నాయకరాజుల పాత్ర చరిత్రకెక్కిన సంగతి. 1739లో క్యాండీ రాజు నరేంద్రసింహుడు వారసుడు లేకుండా మరణించినప్పుడు, మదురై నుంచి వచ్చిన ఆయన రాణి సోదరుడు శ్రీవిజయ రాజసింహుడిగా సింహాసనమెక్కాడు. తెలుగు మూలాలున్న ఆ నాయక్కర్ వంశమే 1815లో బ్రిటిష్‌వారు ఆక్రమించేదాకా క్యాండీని ఏలింది. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు (1747–1782) శైవసంప్రదాయంలో పెరిగినవాడైనప్పటికీ, లంకలో క్షీణించిపోయిన భిక్షుపరంపరను నిలబెట్టడానికి సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించి 1753లో ఉపసంపదను, అంటే పూర్తి భిక్షుదీక్షను, పునరుద్ధరింపజేశాడు. అంతకు ముందు నాథ, విష్ణు, కతరగామ, పత్తిని దేవాలయాల ఉత్సవంగా ఉన్న ఊరేగింపుకు, ఇప్పుడు మనం చూస్తున్నట్టుగా, దళదా మాళిగావ ఊరేగింపును ముందు నడిపించే క్రమం ఏర్పడింది ఆయన కాలంలోనే. పరాయివాడన్న అనుమానం ఎదుర్కొన్న రాజు ఆ నేల ధర్మాన్ని అంతగా గుండెకు హత్తుకున్నాడన్నది నన్ను ఎప్పుడూ కదిలించే విషయం. ఆలయం ముందున్న చెరువును 1807లో తవ్వించిన శ్రీవిక్రమ రాజసింహుడు ఆ వంశంలో చివరివాడు, వెల్లూరులో బందీగా ఉండి 1832లో కన్నుమూశాడు.

మీ అమ్మగారికి ఇంకో సంగతి కూడా చెప్పండి. దంతధాతువును నాలుగో శతాబ్దంలో కళింగ దేశపు దంతపురం నుంచి రాజకుమారి హేమమాల తన జడలో దాచి లంకకు తెచ్చిందని వాళ్ళ సంప్రదాయం. ఆ దంతపురం శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి దగ్గరి దంతపురమేనని కొందరు, ఒడిశాలోని పూరీ అని మరికొందరు అంటారు. నాగార్జునకొండలో మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. అంటే కృష్ణాతీరానికీ లంకకూ రాకపోకలు అప్పటికే సాగుతున్నాయన్నమాట.

కృష్ణాతీరం

మీ అందరికీ ఎంతో కృతజ్ఞుణ్ణి. శ్రీకాకుళం సంగతి చదివి వినిపించగానే అమ్మ మరోసారి చదవమన్నారు. ఆమె మోకాళ్ళ సంగతి ఆలోచించి కుంబల్ రోజుల్లోనే వెళ్ళాలని నిశ్చయించుకున్నాం. ఒక్క సందేహం మిగిలింది: చివరి రోజు పగటిపూట నది దగ్గర ఏదో జరుగుతుందట, అది ఏమిటి?

జవాబు: పేరాదెనియ_పాతకాపు

దాన్ని దియ కెపీమ, అంటే నీటిని కోయడం అంటారు. చివరి రందోళి ముగిశాక తెల్లవారుజామున దేవాలయాల పూజారులు గెటంబె రేవుకు చేరి మహావెలి నదిలోకి దిగుతారు. నీటిమీద కత్తితో వలయంగా గీసి, ఆ వలయంలోంచి కుండ నింపుకుంటారు. ఏడాది పాటు ఆలయంలో దాచిన పాత కుండలోని నీటిని అంతకు ముందే నదిలో వదిలేస్తారు. కొత్త నీళ్ళ కుండ మళ్ళీ వచ్చే పెరహెర దాకా అక్కడే ఉంటుంది.