రాయబారి పదవి సర్వీసు అధికారికా, బయటి ప్రముఖునికా?

శరత్‌కాలం: ఐ.ఎఫ్.ఎస్. (భారత విదేశాంగ సేవ)లో చేరి, పరాయి భాష నేర్చుకొని, మూడవ కార్యదర్శి స్థాయి నుంచి మెట్టుమెట్టుగా ఎదిగిన అధికారులుండగా, మన ప్రభుత్వం బయటివారిని నేరుగా రాయబారులుగా పంపడం సమంజసమేనా?

గవాక్షం: నిస్సందేహంగా సమంజసమే. 1949లో మాస్కోకు రాయబారిగా వెళ్ళిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు దౌత్యంలో శిక్షణ పొందినవారు కారు; అయినా స్టాలిన్ ఆయనను 1950లోనూ, 1952లోనూ కలిశాడు. అదే 1952లో అమెరికా పంపిన జార్జ్ కెన్నన్, రష్యన్ భాషలో ఆరితేరిన వృత్తి దౌత్యవేత్త అయి ఉండి కూడా, మాస్కోలో తన జీవితాన్ని నాజీ జర్మనీలో అనుభవించిన నిర్బంధంతో పోలుస్తూ బెర్లిన్‌లో విలేకరుల ముందు మాట్లాడి, కొద్ది నెలలకే సోవియట్ ప్రభుత్వం చేత అవాంఛనీయ వ్యక్తి (ఆతిథ్య దేశం ఇక ఉండనివ్వని దౌత్యవేత్త) అనిపించుకున్నారు.

దక్షిణవాయువు: రాధాకృష్ణన్ గారు ఆ కాలంలో ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవిని వదులుకోలేదు, ఏటా కొంతకాలం అక్కడే ఉండేవారు. ఆయన లేనప్పుడు కార్యాలయాన్ని నడిపినది సర్వీసు అధికారులు కాదా?

గవాక్షం: ఆక్స్‌ఫర్డ్ ప్రసక్తి ఇక్కడ అనవసరం. స్టాలిన్ తలుపు ఎవరికి తెరుచుకున్నదో చెప్పండి.

దక్షిణవాయువు: అనవసరం ఎలా అవుతుంది? సగం కాలం పనిచేసిన రాయబారిని మీరు ఆదర్శంగా చూపుతున్నారు.

నీలిసిరా: ఆతిథ్య దేశం సమ్మతి లేనిదే ఎవరూ రాయబారి కాలేరు. దౌత్య సంబంధాలపై కుదిరిన 1961 వియన్నా ఒప్పందం 4వ అధికరణం ప్రకారం, నిరాకరిస్తే కారణం కూడా చెప్పనక్కరలేదు.

దక్షిణవాయువు: ఆ సమ్మతికి అర్థం అభ్యంతరం లేదని మాత్రమే, అది సామర్థ్యానికి యోగ్యతాపత్రం కాదు. మా అన్నగారు జీవితమంతా ఈ సర్వీసుకే వెచ్చించారు. ఆయనకు రావలసిన చివరి పోస్టింగు ఒక రాజకీయ నాయకునికి దక్కింది, ఆయన రాయబారి కాకుండానే పదవీ విరమణ చేశారు.

గవాక్షం: అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. మీ బాధ పదోన్నతి గురించి, నా వాదన దేశప్రయోజనం గురించి. రాయబారి పదవి దీర్ఘసేవకు ఇచ్చే బహుమానం కాదు.

దక్షిణవాయువు: ఎన్నికల్లో ఓడినవారికి ఇచ్చే ఓదార్పు కూడా కాదు!

శరత్‌కాలం: ఇద్దరూ కొంచెం శాంతించండి. సర్వీసులో అర్హతకు తగిన న్యాయం దానంతటదే జరుగుతుందని మాత్రం అనుకోవద్దు. 1949లో విదేశాంగ సేవలో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ గారు రాయబారిగా పనిచేస్తూ కూడా, ఉన్నత శ్రేణి నిరాకరించినందుకు సుప్రీం కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. మహిళా అధికారి పెళ్ళికి ముందు ప్రభుత్వ అనుమతి పొందాలన్న నిబంధనను ఆమె ప్రశ్నించారు. కేసు నడుస్తుండగానే పదోన్నతి ఇచ్చారు. 1979 తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను తీవ్రంగా విమర్శించారు.

దక్షిణవాయువు: నేను చెప్పేదీ అదే. సర్వీసులో సీనియారిటీ ఉంది, నిబంధన ఉంది, అందుకే ఆమె కోర్టులో నిలదీయగలిగారు. బయటివారిని ఎందుకు ఎంచుకున్నారో నిలదీయడానికి మనకు ఏ ఆధారం ఉంది? మా అన్నగారి సంగతి పక్కన పెట్టినా ఈ ప్రశ్న మిగులుతుంది.

గవాక్షం: అమెరికాలో సెనేట్ ఆమోదం తప్పనిసరి. ఎన్నికల విరాళం అర్హత కారాదని 1980 నాటి చట్టం కూడా చెబుతుంది. అయినా విరాళమిచ్చినవారు అక్కడ రాయబారులు అవుతూనే ఉన్నారు. మీరు కోరే కాగితం మీది నిబంధన దేనిని ఆపింది?

దక్షిణవాయువు: ఆపలేకపోయినా, ఎవరు ఎంత ఇచ్చారో సెనేట్ ఎదుట అడగగలుగుతున్నారు. మన దగ్గర అదీ లేదు.