ఇన్‌లైన్ హాకీ: ఆటగాళ్లతో పాటు రిఫరీలను, కోచ్‌లను తయారు చేసుకోవడం ఎలా?

ప్రశ్న:
విశాఖపట్నంలో మా పిల్లలు 14 మంది ఇన్‌లైన్ హాకీ (ఒకే వరుసలో చక్రాలుండే స్కేట్లు తొడుక్కుని ఆడే హాకీ) నేర్చుకుంటున్నారు. స్కేటింగ్ చక్కగా వచ్చినా, పక్ (బంతికి బదులు వాడే చదునైన బిళ్ళ) దొరకగానే తల దించుకుని ఒంటరిగా దూసుకుపోతారు తప్ప పాస్ ఇవ్వరు. ఉన్న ఒక్క కోచ్ గారే ఈల కూడా ఊదవలసి వస్తోంది. దారి చెప్పగలరా?

జవాబు 1:
అసలు ఆటలో ఒక్కో జట్టుకు గోలీ (గోల్ కాపలాదారు) కాక నలుగురే ఉంటారు కాబట్టి ఖాళీ స్థలం ఎక్కువ, అది తల ఎత్తి చూసేవారికే కనబడుతుంది. రింక్‌ను (స్కేటింగ్ ఆడే స్థలాన్ని) సగం చేసి, రెండు వైపులా ముగ్గురికి ముగ్గురు చొప్పున ఆడించండి. మిగిలిన ఇద్దరి చేతికి ఈలలు ఇచ్చి, ప్రతి పది నిమిషాలకూ వారిని మార్చండి.

జవాబు 2:
ఈ మాట నిజమండి. మా దగ్గర ఒక అమ్మాయి మొదటి రోజు ఈల నోట్లో పెట్టుకుని కూడా ఊదలేకపోయింది, ఎందుకంటే తప్పు చేసినవాడు ఆమెకంటే పెద్దవాడు. ఈ ఆటలో ఒంటితో ఢీకొట్టి ఆపడం నిషిద్ధం. ఆ ఒక్క నియమాన్నే నెల రోజులు గమనించమన్నాము. ఇప్పుడు తప్పు కనబడగానే ఆమె చెయ్యి తడబడకుండా పైకి లేస్తోంది. గట్టు మీదనుంచి పెద్దలు అరవకుండా చూడడం మన బాధ్యత.

జవాబు 3:
గోలీని మరువకండి. పెద్ద పిల్లల్లో ఒకరికి గోలీల సాధన అప్పగిస్తే, రేపటి కోచ్ అక్కడే మొదలవుతాడు.