అలైన్‌మెంట్ షీటులో అన్నీ పచ్చగానే ఉన్నాయి, స్విఫ్ట్ మాత్రం ఎడమకే లాగుతోంది

అనకాపల్లి_స్విఫ్ట్:

బండి 2019 స్విఫ్ట్ పెట్రోలు, 62,000 కి.మీ. తిరిగింది. టైర్లు 185/65 ఆర్15, కంపెనీ సైజే. హైవే మీద 90 దాటితే ఎడమకు లాగుతోంది, స్టీరింగును కుడికి బిగపట్టి ఉంచాలి. చిత్రమేమిటంటే తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగు ఎడమకే కాస్త వాలి ఉంటోంది, అంచు దగ్గర సెంటీమీటరు లోపు. అనంతగిరి ఘాట్‌లో మలుపు తిరుగుతుంటే ముందు భాగం బయటి వైపుకి పోతోంది, కుడి మలుపుల్లో మరీ ఎక్కువ. ముందు టైర్లు రెండూ లోపలి అంచు అరిగాయి, కుడిది ఎక్కువగా.

55,000 దగ్గర క్లచ్ మార్చారు. పోయిన వారం 3డి మిషన్ మీద అలైన్‌మెంట్ అయింది. షీటులో ఉన్నది ఇది:

(అన్నీ డిగ్రీల్లో) ముందు క్యాంబర్ (చక్రం నిలువు వాలు, పైభాగం లోపలికి వాలితే మైనస్): ఎడమ మైనస్ 0.1, కుడి మైనస్ 0.9
క్యాస్టర్ (చక్రం మలుపు తిరిగే గీత వెనక్కి వాలిన కోణం): ఎడమ 4.4, కుడి 4.6
ఎస్ఏఐ (స్టీరింగు యాక్సిస్ ఇంక్లినేషన్, అదే గీత లోపలికి వాలిన కోణం): ఎడమ 11.9, కుడి 12.7
ముందు టో (చక్రాల ముందు వైపు లోపలికి చూస్తే ప్లస్, బయటికి చూస్తే మైనస్): ఎడమ ప్లస్ 0.20, కుడి మైనస్ 0.10, మొత్తం 0.10 (చేయక ముందు మొత్తం మైనస్ 0.50)
వెనక టో: ఎడమ ప్లస్ 0.10, కుడి ప్లస్ 0.30

అన్నీ పచ్చరంగే. లోయరింగ్ స్ప్రింగులు (బండి ఎత్తు తగ్గించే పొట్టి స్ప్రింగులు) వేస్తే ఘాట్‌లో బాగా తిరుగుతుందంటున్నారు. వేయించమంటారా? దానికన్నా ముందు చూడాల్సింది ఏమైనా ఉందా?

రాక్‌అండ్‌పినియన్:

స్ప్రింగుల మాట పక్కన పెట్టండి. మీ సమస్య ఆ షీటులోనే ఉంది.

పచ్చరంగు అంటే ఆ ఒక్క అంకె హద్దులో ఉందని, అంతే. క్యాంబర్‌కి హద్దు అటూ ఇటూ 1 డిగ్రీ దాకా ఇస్తారు కాబట్టి మైనస్ 0.1నీ మైనస్ 0.9నీ మిషన్ ఒప్పేసుకుంది. రెండు పక్కలకీ మధ్య ఉన్న 0.8 తేడాకి మాత్రం ఎర్రరంగు రాలేదు. క్యాంబర్‌లో గానీ క్యాస్టర్‌లో గానీ ఎడమకీ కుడికీ తేడా 0.5 దాటితే లాగుడు మొదలవుతుంది. క్యాంబర్ ప్లస్ వైపు ఎక్కువున్న పక్కకి బండి పోతుంది. మీకు అది ఎడమ.

స్టీరింగు వాలి ఉండటం వేరే సంగతి. చేతికి తగిలే బలం క్యాంబర్, క్యాస్టర్, టైర్ల వల్ల వస్తుంది. స్టీరింగు ఎక్కడ నిలబడుతుందన్నది టో చెబుతుంది. మీ ముందు టో మొత్తం 0.10, అది సరే. కానీ ఎడమ ప్లస్ 0.20, కుడి మైనస్ 0.10 అంటే స్టీరింగు నడిమధ్యన ఉన్నప్పుడు రెండు చక్రాలూ 0.15 డిగ్రీ కుడికి చూస్తున్నాయి. తిన్నగా పోవాలంటే ఆ 0.15ని మీరు ఎడమకు తిప్పుకోవాలి. స్టీరింగు రేషియో 15 (చక్రం 1 డిగ్రీ తిరగాలంటే స్టీరింగు 15 డిగ్రీలు) అనుకుంటే రెండుంబావు డిగ్రీలు, 37 సెం.మీ. స్టీరింగు అంచు మీద 7 మి.మీ. మీరు చెప్పిన సెంటీమీటరు లోపు అదే. ఒక పక్క టై రాడ్డు (స్టీరింగు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) ఒక్కటే తిప్పి, మొత్తం అంకె పచ్చబడగానే దింపేస్తే ఇలాగే ఉంటుంది.

టైర్లు అరిగింది పాత మైనస్ 0.50 వల్ల. ఒక్కో చక్రం 0.25 డిగ్రీ బయటికి చూస్తుంటే కిలోమీటరుకు 4.4 మీటర్లు టైరు పక్కకి ఈడ్చినట్టే. అరచేత్తో టైరును లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి నిమరండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపం పళ్లలా తగిలితే టో పని. ఎటు నిమిరినా నున్నగా ఉండి ఏటవాలుగా అరిగితే క్యాంబర్ పని. కుడిదాంట్లో రెండూ కలిసి ఉంటాయి.

ఇక అసలు ఆధారం ఎస్ఏఐ. స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసిన నిలువు కాలు) పై మౌంటు నుంచి చక్రం కింది బాల్ జాయింటుకి (గుండు కీలుకి) గీత గీస్తే, అది నిలువు నుంచి ఎంత వాలి ఉందో ఆ కోణం. దానికి క్యాంబర్ కలపండి. ఎడమ 11.9లో 0.1 పోతే 11.8, కుడి 12.7లో 0.9 పోతే 11.8. రెండూ సమానం! స్ట్రట్టు గానీ నకుల్ (చక్రాన్ని మోసే ఇనుప భాగం) గానీ వంగి ఉంటే ఈ మొత్తం ఆ పక్క మారిపోయేది. మారలేదంటే భాగాలు బాగానే ఉన్నాయి, కింద సబ్‌ఫ్రేము (ముందు చక్రాల లోయర్ ఆర్ములను మోసే చట్రం) కుడికి జరిగి కూర్చుంది. కుడి చక్రం అడుగు భాగం బయటికి పోయింది, ఎడమది లోపలికి వచ్చింది. పై మౌంటుకీ బాల్ జాయింటుకీ మధ్య 60 సెం.మీ. అనుకుంటే పక్కకి 0.4 డిగ్రీ అంటే 4 మి.మీ. జరుగుడు. క్లచ్ కోసం ఫ్రేము దించి, గుర్తు పెట్టుకోకుండా మళ్లీ ఎక్కించినప్పుడు ఆ మాత్రం తేడా రావడం మామూలే, బోల్టు రంధ్రాల్లో అంత సందు ఉంటుంది.

ఘాట్‌సెక్షన్:

పై లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. కుడి మలుపుల్లోనే ఎక్కువ అన్నారు చూడండి, అదీ దానికే సరిపోతుంది. కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమ ముందు టైరు మీద పడుతుంది. దాని క్యాంబర్ మైనస్ 0.1. బాడీ ఒరిగేసరికి ఆ టైరు బయటి భుజం మీద నిలబడుతుంది, లోపలి సగానికి పని లేదు. ఎడమ మలుపులో బరువు మోసే కుడి టైరుకి మైనస్ 0.9 ఉంది కాబట్టి పర్వాలేదు.

లోయరింగ్ స్ప్రింగులు ఈ బండికి వద్దు. దీనిలాంటి మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్‌లో బండిని దించితే లోయర్ ఆర్మ్ (ఫ్రేము నుంచి చక్రానికి వెళ్లే కింది చెయ్యి) బయటి కొన చక్రంతో పాటు పైకి లేస్తుంది. అప్పుడు రోల్ సెంటర్ (బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బండి దిగిన దానికన్నా ఎక్కువ దిగిపోతుంది. అంటే బండి కిందకి వచ్చినా, ఒరగడానికి దొరికే మీట పొడవు పెరుగుతుంది. ఆ తేడాని మింగేంత గట్టి స్ప్రింగు, దానికి తగిన షాకబ్జార్బరు ఉంటేనే లాభం. పాత షాకుల మీద పొట్టి స్ప్రింగు వేస్తే మలుపు మధ్యలో గుంత తగలగానే బంప్ స్టాపర్ (స్ప్రింగు అడుగంటకుండా ఆపే రబ్బరు దిమ్మ) మీద కూర్చుని, టైరు ఒక్కసారిగా పట్టు వదిలేస్తుంది. చుట్టు కోసిన స్ప్రింగు ఇంకా ప్రమాదం, చక్రం వేలాడినప్పుడు సీటులోంచి జారుతుంది. గ్రౌండ్ క్లియరెన్సు కూడా చూసుకోండి: ఖాళీ బండికి 163 మి.మీ. 35 మి.మీ. దించే స్ప్రింగులు వేస్తే 128. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 99 ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరే 100 మి.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. మన ఊళ్లలో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసినవి ఎంత ఎత్తున్నాయో మీకు తెలుసు.

ఘాట్ కోసం నిజంగా పనికొచ్చేది రెండు పక్కలా సమానంగా మైనస్ 0.8 నుంచి మైనస్ 1.0 క్యాంబర్, టో మొత్తం సున్నా నుంచి 0.10 లోపల. స్విఫ్ట్‌కి కంపెనీ క్యాంబర్ సర్దుబాటు ఇవ్వలేదు. స్ట్రట్టును నకుల్‌కి పట్టే రెండు బోల్టులు వదులు చేసి, చక్రం పై భాగాన్ని లోపలికి నెట్టి పట్టుకుని బిగిస్తే రంధ్రాల సందు మేర కొంచెం వస్తుంది. చాలకపోతే నడుము సన్నగా ఉండే క్యాంబర్ బోల్టు పక్కకి ఒకటి. చవకరకం బోల్టు వద్దు, గుంతలో పడ్డప్పుడు జారితే క్యాంబర్, టో రెండూ పోతాయి. మలుపులో చురుగ్గా తిరుగుతుందని టో-అవుట్ (మైనస్ టో) పెట్టమనేవాళ్లుంటారు. హైవే మీద లారీ దాటిన ప్రతిసారీ బండి వెతుకులాడుతుంది, మళ్లీ లోపలి అంచులే అరుగుతాయి.

గాలి సంగతి చిన్నదనిపిస్తుంది గానీ కాదు. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో ఉన్న అంకెతో, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు నింపండి. టైరు భుజం మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి ఘాట్‌లో నాలుగైదు మలుపులు తిరగండి. భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. సుద్ద ఆ గుర్తు కన్నా కిందకి చెరిగితే టైరు మడత పడుతోందని అర్థం, ముందు 2 పీఎస్ఐ పెంచి మళ్లీ చూడండి. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠం మాత్రం దాటొద్దు.

అనకాపల్లి_స్విఫ్ట్:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫ్రేము జరపమని గ్యారేజీలో ఎలా చెప్పాలి? పనుల వరుస ఏమిటి? వెనక కుడి టో ప్లస్ 0.30 ఉంది కదా, దాన్ని వదిలేయవచ్చా?

పానా14:

ముందు కీళ్లలో ఆట (వదులు) చూడాలి, అంకెలు తర్వాత. బుష్ (కీలు దగ్గరి రబ్బరు) అరిగిన బండికి మిషన్ మీద పెట్టిన టో బ్రేకు తొక్కగానే మారిపోతుంది. ముందు చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆడితే బాల్ జాయింటు లేదా బేరింగు. అటూ ఇటూ పట్టుకుని ఊపితే ఆడేది టై రాడ్ బయటి కొన కీలు (టై రాడ్ ఎండు) లేదా లోపలి కొన కీలు (రాక్ ఎండు). లోయర్ ఆర్మ్ వెనక బుష్ దగ్గర గడ్డపలుగు వేసి మీటితే రబ్బరు చీలిక నోరు తెరుస్తుంది. 62,000కి చాలా బండ్లలో ముందు పోయేది అదే. బండి నిలిపి స్టీరింగు తిప్పితే స్ప్రింగు టంగుమని దూకితే స్ట్రట్ మౌంటు బేరింగు చూడాలి.

బుష్ మార్చాల్సి వస్తే ఒక్కమాట గట్టిగా చెప్పండి: ఆర్మ్ బోల్టులు చివరి బిగింపు చక్రాలు నేల మీద, బండి బరువు వాటి మీద ఉన్నప్పుడే. ఆ రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడి, అలాగే మెలిపడి బతుకుతుంది. కొన్ని నెలల్లోనే చిరుగుతుంది.

తర్వాత ఫ్రేము. బండి మిషన్ మీదే ఉండాలి, తెర మీద క్యాంబర్ కదులుతూ కనిపించాలి. ఫ్రేము కింద జాకీ ఆనించి, బోల్టులు వదులు మాత్రమే చేయాలి, తీయకూడదు. పలుగుతో ఎడమకు నెట్టాలి. ఎడమ, కుడి క్యాంబర్ మైనస్ 0.5 దగ్గర కలిసేదాకా జరిపి, కంపెనీ చెప్పిన టార్కుతో టార్క్ రెంచితోనే బిగించాలి. స్టీరింగు రాక్ (టై రాడ్లను అటూ ఇటూ నెట్టే పళ్ల కడ్డీ) ఆ ఫ్రేము మీదే ఉంటుంది కాబట్టి స్టీరింగు షాఫ్టు జాయింటు పట్టేయకుండా ఒకరు చూస్తుండాలి. ఎంత నెట్టినా కలవకపోతే ఫ్రేమే వంగి ఉండొచ్చు, కొలిపించాలి. ఘాట్‌సెక్షన్ గారు చెప్పిన క్యాంబర్ బోల్టులు దీని తర్వాతే. ఫ్రేము వంకర మీద బోల్టులతో సర్దితే ఎస్ఏఐ తేడా అలాగే మిగిలిపోతుంది.

వెనక టార్షన్ బీము, టో తిప్పే నట్టు ఉండదు. 0.30 అంటే గాబరా పడాల్సింది కాదు. రింగు వంగి ఉంటే కొలతే తప్పు రావచ్చు, కాబట్టి టార్గెట్ (చక్రానికి తగిలించే కొలత పలక) బిగించాక రనౌట్ (రింగు వంకరను లెక్కలోంచి తీసే పని) మళ్లీ చేయమనండి. అప్పుడూ అంతే వస్తే థ్రస్ట్ (వెనక చక్రాలు రెండూ కలిసి చూసే దిశ) 0.10 ఎడమకు ఉన్నట్టు. నాలుగు చక్రాల మిషన్ ముందు టోని ఆ గీతకే కొలుస్తుంది, కాబట్టి స్టీరింగు తిన్నగానే వస్తుంది.

చివరగా ముందు టో. స్టీరింగు మధ్యలో లాకు, రాక్ బూటు క్లిప్పు వదులు (లేకపోతే రాడ్డుతో పాటు బూటు మెలిపడి చిరుగుతుంది), లాక్ నట్టు వదులు. రాక్ ఇరుసుకు వెనక ఉంది కాబట్టి రాడ్డు పొడవైతే టో-ఇన్ (ప్లస్), పొట్టిదైతే టో-అవుట్. మరలో పిచ్ 1.5 మి.మీ., స్టీరింగు ఆర్మ్ 130 మి.మీ. అనుకుంటే ఒక పూర్తి చుట్టు 0.66 డిగ్రీ. ఇప్పటి అంకెల ప్రకారమైతే ఎడమ రాడ్డును పావు చుట్టు కన్నా కాస్త తక్కువ తిప్పి పొట్టి చేయాలి, కుడిదాన్ని అంతే తిప్పి పొడుగు చేయాలి. ఫ్రేము జరిగాక ఈ అంకెలు మారతాయి, తెర చూసే తిప్పాలి. రెండూ ప్లస్ 0.05కు వచ్చాక లాక్ నట్టు బిగించి, మళ్లీ తెర చూడమనండి, నట్టు బిగిస్తుంటేనే రాడ్డు తిరిగి 0.05 మారిపోవడం తరచూ జరుగుతుంది.

రాక్‌అండ్‌పినియన్:

ఇవన్నీ అయ్యాక కూడా కొంచెం ఎడమకు పోతే కంగారు పడకండి. వాన నీరు పోవడానికి మన రోడ్లు ఎడమ అంచు వైపు 2, 2.5 శాతం వాలుగా ఉంటాయి. ముందు టైర్లు రెండూ ఎడమ కుడి మార్చి చూడండి, తిరిగే దిశ బాణం గుర్తు లేని టైర్లయితేనే. లాగుడు కుడికి మారితే తప్పు టైరుది. మారకపోతే కొత్త షీటు ఇక్కడ పెట్టండి, ఎస్ఏఐతో సహా.